ఊరు దూరమా... బండి దూరమా!

నగరంలో ఇంటి అద్దె భరించలేక శివారుకు... శివారులో ఉద్యోగం దొరక్క మళ్లీ నగరానికి! ఈ రెండింటి మధ్య రోజుకు మూడేసి గంటలు కరిగిపోతున్నాయి. హైదరాబాద్‌కు తూర్పు వాకిలి లాంటి ఘట్‌కేసర్‌నే తీసుకుంటే బస్సుంది, రైలుంది, ఉప్పల్ దాకా వెళ్తే మెట్రో ఉంది, ఊరి పక్కనుంచే ఎనిమిది వరసల ఔటర్ రింగురోడ్డు ఉంది. అయినా పొద్దున లేస్తే 'ఎలా వెళ్లాలి' అన్న బెంగ ఎందుకు?

శివారు ఇంట్లో పొద్దున్నే గడియారానికి ఉన్నంత పెత్తనం ఇంకెవరికీ ఉండదు. అయిదింటికే కుక్కరు కూత పెట్టాలి. ఆరున్నరకల్లా టిఫిను డబ్బాలు సర్దేయాలి. ఆయనకు మాదాపూర్‌లో కొలువు, ఆవిడకు తార్నాకలో స్కూలు, అబ్బాయికి ఊరి అవతల ఇంజినీరింగు కాలేజీ. పెద్దాయనను నెలకోసారి గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్క బస్సు తప్పిపోయిందా... ఆ రోజు లెక్కంతా తారుమారే! ఆఫీసులో చీవాట్లు, స్కూల్లో సంతకం పక్కన ఎర్ర గీత, సాయంత్రం ఇంటికొచ్చేసరికి హోంవర్కు పుస్తకం మీదే నిద్రపోయిన పిల్లలు.

ఉప్పల్ దాటి వరంగల్ హైవే పట్టుకుంటే బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, అన్నోజిగూడ, పోచారం, ఘట్‌కేసర్... వరసగా కాలనీలే. ఒకప్పుడు ఘట్‌కేసర్ అంటే యాదగిరిగుట్టకో వరంగల్‌కో వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించి వెళ్లిపోయే ఊరు. ఇప్పుడు వేలాది కుటుంబాలకు అదే చిరునామా. ప్లాటు కొన్నప్పుడు బ్రోకరు చెప్పిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది- 'ఇక్కణ్నుంచి ఉప్పల్ పావుగంటే సార్!' ఆ పావుగంట ఆదివారం మధ్యాహ్నానిది. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు అదే దారి గంట అవుతుందని ఇంట్లో దిగాకే తెలుస్తుంది.

అసలు దూరాన్ని కిలోమీటర్లలో కొలవడంలోనే వస్తోంది చిక్కంతా. శివారు మనిషికి దూరమంటే బండి కోసం నిలబడ్డ నిమిషాలు, ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడానికి పట్టిన నిమిషాలు. ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా చూస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది.

అందరికీ దిక్కు... బస్సే!

హైదరాబాద్ బస్సుకు తొంభై ఏళ్లు దాటాయి. 1932లో నిజాం రాజ్య రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం మొదలైనప్పుడు ఉన్నవి 27 బస్సులు. అక్కడి నుంచి ఎన్ని పేర్లు మారినా శివారు కాలనీకి మొదట చేరేది, చివరిదాకా తోడుండేది ఆర్టీసీనే. స్టేషను లేని ఊరుంటుంది గానీ బస్టాపు లేని ఊరు అరుదు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేకుండా పోయింది. నెలకు వెయ్యో పదిహేను వందలో ఛార్జీలకే పోతోందని పని మానుకున్న ఇల్లాలికి, దూరమని మంచి కాలేజీ వదులుకున్న ఆడపిల్లకు ఇది చిన్న విషయం కాదు. జేబులో రూపాయి లేకుండా ఇంటి నుంచి బయల్దేరి పనికి చేరగలగడం అంటే ఏమిటో లెక్కల్లో చెప్పలేం.

అయితే ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. 2019 అక్టోబరు, నవంబరుల్లో 52 రోజులు సాగిన సమ్మె తర్వాత నగరంలో బస్సుల సంఖ్య తగ్గింది. మరుసటి ఏడాది కరోనా వచ్చింది. 2020 మార్చిలో ఆగిన సిటీ బస్సులు సెప్టెంబరు చివర్లో గానీ మళ్లీ రోడ్డెక్కలేదు. ఆ ఆర్నెల్లలో చాలామంది అప్పు చేసైనా ఓ టూవీలరు కొనుక్కున్నారు. అలా బస్సును వదిలినవాళ్లలో వెనక్కి రానివాళ్లే ఎక్కువ. వాళ్ల బండ్లన్నీ ఇప్పుడు బస్సుకు అడ్డంగా అదే రోడ్డు మీదున్నాయి!

పైగా ఉప్పల్-నారపల్లి దారి కష్టాలు వేరే. హైవే మీద రద్దీ తగ్గించడానికి ఆరు కిలోమీటర్లకు పైగా పొడవుండే ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. స్తంభాలు లేచాక పని ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. కింద తవ్విన రోడ్డు, గుంతలు, వానొస్తే నీళ్లు... రేపటి సౌకర్యం కోసం శివారు జనం చెల్లించిన మూల్యమది. ఒక పిల్లాడు ఆరో తరగతిలో చేరి ఇంటరు పూర్తి చేసేంత కాలం దాకా ఆ దారిలో వెళ్లేవాళ్లకు దుమ్మే మిగిలింది.

బస్సుతో ఇంకో ఇబ్బంది... అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. పది నిమిషాలకో బస్సు కచ్చితంగా వస్తుందని నమ్మకముంటే మనిషి నిశ్చింతగా నిలబడతాడు. మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఆ తర్వాత నలభై నిమిషాలు ఏదీ రాకపోతే... లెక్కలో మాత్రం గంటకు మూడు బస్సులు నడిచినట్టే!

ఉప్పల్ దాటితే మెట్రో

ఘట్‌కేసర్ జనానికి మెట్రో ఇంటి ముందుకు రాలేదు. వాళ్లే పదిహేను కిలోమీటర్ల దూరం ఎదురెళ్లి ఉప్పల్‌లో అందుకోవాలి. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్ల మార్గం మొదలైంది. 2019లో అది హైటెక్ సిటీకి, తర్వాత రాయదుర్గానికి చేరింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గంతో కలిపి మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు అయ్యాయి.

తూర్పు శివారుకు దీనివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు. మెట్రో రాకముందు ఉప్పల్ నుంచి మాదాపూర్ వెళ్లాలంటే సికింద్రాబాద్, బేగంపేట, పంజాగుట్ట సిగ్నళ్లన్నీ దాటుకుంటూ రెండు గంటలు వేసుకోవాల్సిందే. ఇప్పుడు ఉప్పల్‌లో ఎక్కితే రాయదుర్గానికి 50 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. వాన పడినా, ఊరేగింపు ఉన్నా, మంత్రిగారి కాన్వాయ్ వెళ్తున్నా ఆ లెక్క మారదు. ఉద్యోగికి కావాల్సింది ఆ భరోసానే. తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ వెళ్లేవాళ్లకైతే ఇక చెప్పక్కర్లేదు.

ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు దాటడమే ఒక సాహసంగా ఉండేది. 2023 జూన్‌లో ప్రారంభమైన స్కైవాక్ ఆ తిప్పలు తప్పించింది. నాలుగు వైపుల నుంచి వచ్చే జనం పైనుంచే నడిచి నేరుగా మెట్రో స్టేషనులోకి వెళ్లిపోవచ్చు. కొత్త రైలు మార్గంతో పోలిస్తే దాని ఖర్చు ఎంతో తక్కువ. కానీ బస్సు దిగిన మనిషిని రైలు దాకా క్షేమంగా చేర్చే అలాంటి వంతెన ప్రయాణికుడికి ఎంత విలువైనదో రోజూ ఆ మెట్లెక్కేవాళ్లకే తెలుసు.

మరి ఇబ్బందేమిటంటే... ఛార్జీ. మెట్రో మొదలైనప్పుడు గరిష్ఠ టికెట్టు 60 రూపాయలు. 2025 మేలో దాన్ని 75కు పెంచి, విమర్శలు రావడంతో కాస్త తగ్గించి 69 చేశారు. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా రోజూ వెళ్లొచ్చే మనిషికి నెలకు పాతిక పనిదినాలైతే 3,450 రూపాయలు. ఇది మెట్రోకి మాత్రమే. ఇంటి నుంచి ఉప్పల్ దాకా, అక్కడ దిగాక ఆఫీసు దాకా అయ్యే ఖర్చు దీనికి అదనం. ఇద్దరు ఉద్యోగస్తులుంటే శివారులో మిగిలిందనుకున్న అద్దెలో సగం ఇక్కడే పోతుంది. బండి స్టేషను దగ్గర పెట్టి వెళ్దామంటే 2024 అక్టోబరు నుంచి నాగోల్, మియాపూర్ లాంటి చివరి స్టేషన్లలో పార్కింగుకు కూడా డబ్బు కట్టాల్సిందే.

చవక రైలు... అరుదైన రైలు

ఘట్‌కేసర్‌కు రైలు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్-కాజీపేట మార్గం 19వ శతాబ్దం చివరి నుంచే ఉంది. భువనగిరి, జనగామ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు బండ్లలో పాలక్యాన్లతో, కూరగాయల గంపలతో, సీజను టికెట్టు జేబులో పెట్టుకున్న గుమస్తాలతో కలిసి అప్ అండ్ డౌన్ చేసిన తరం ఇంకా ఉంది.

నగరానికి లోకల్ రైలు రుచి చూపించింది ఎంఎంటీఎస్. 2003 ఆగస్టులో సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమాలను కలుపుతూ మొదటి దశ మొదలైంది. పాత పట్టాల మీదే కొత్త బండ్లు... తక్కువ ఖర్చులో జరిగిన తెలివైన పని. రెండో దశలో మూడింట రెండు వంతుల ఖర్చు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. నిధుల పంచాయితీతో అది ఏళ్లకేళ్లు సాగింది. చివరికి 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు బండ్లు కదిలాయి. 2024 మార్చి 5న సనత్‌నగర్-మౌలాలి మధ్య 22 కిలోమీటర్ల జంట లైను ప్రారంభమై, ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి నేరుగా ఎంఎంటీఎస్ వచ్చింది. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు... కొత్త స్టేషన్లు ఆరు వెలిశాయి.

మ్యాపులో చూస్తే ఇంతకంటే మంచి దారి లేదు. సికింద్రాబాద్ రద్దీలోకి పోకుండా ఉత్తరం వైపు నుంచి చుట్టి, తూర్పు శివారు మనిషిని హైటెక్ సిటీ స్టేషన్లో దించుతుంది. బండి మారే పని లేదు. సిగ్నళ్లు లేవు. టికెట్టు ఐదు రూపాయల నుంచి మొదలు. ఎంత దూరం వెళ్లినా మెట్రో ఛార్జీలో చిన్న వంతే. నెల పాసు తీసుకుంటే ఇంకా చవక.

మరి జనం ఎగబడాలి కదా! ఇక్కడే ఉంది కిటుకు. బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. పట్టాలు దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లకు, గూడ్సు బండ్లకు కూడా కావాలి. అవి వెళ్లేదాకా లోకల్ బండి ఆగాలి. ఉదయం బండి దొరికినా సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు తిరుగు బండి లేకపోతే ఉద్యోగికి అది ఉన్నా లేనట్టే. మూడు రోజులు చూసి నాలుగో రోజు బైకు తీస్తాడు. 'ఎక్కేవాళ్లు లేరు, బండ్లెందుకు' అని అటు నుంచి, 'బండ్లే లేవు, ఎక్కేదెలా' అని ఇటు నుంచి! కరోనా వేళ 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ 2021 జూన్ 23 దాకా, అంటే పదిహేను నెలలు కదలనేలేదు. ఆ ఏడాదీ పావులో విడిపోయిన అలవాటు మళ్లీ కుదరడం కష్టమైంది.

కొత్తవాళ్లు బోర్లాపడే విషయం ఇంకోటుంది. హైటెక్ సిటీ రైల్వే స్టేషను, హైటెక్ సిటీ మెట్రో స్టేషను... పేరు ఒకటే, చోట్లు వేరు. ఒకదాంట్లో దిగి రెండోదానికి వెళ్లాలంటే మళ్లీ ఆటో ఎక్కాలి. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ కథా ఇలాంటిదే. విమానాశ్రయాన్ని తలపించే భవనం, దూరప్రాంత రైళ్లు... అన్నీ ఉన్నాయి. సామానుతో అర్ధరాత్రి దిగినవాళ్లు ఇల్లు చేరేదెలా అన్న ప్రశ్న మాత్రం మొదటి రోజు నుంచీ వినిపించింది.

ఔటర్ ఉంది... అందరికీ కాదు

ఘట్‌కేసర్ దగ్గరే ఔటర్ ఎక్కి దిగే ఇంటర్‌చేంజి ఉంది. 158 కిలోమీటర్ల ఈ ఉంగరం మీద గచ్చిబౌలి-శంషాబాద్ ముక్క 2008లో మొదట తెరుచుకోగా, 2018 నాటికి చుట్టూ పూర్తయింది. కారున్నవాళ్లు సగం నగరం చుట్టి వచ్చినా సరే, సిగ్నలన్నది లేకుండా గచ్చిబౌలి చేరుకుంటారు. పెట్రోలు, టోలు కలిపి చూస్తే నలుగురు కలిసి వెళ్తే తప్ప గిట్టుబాటు కాదు. ఒకే వైపు వెళ్లేవాళ్లు కారు పంచుకోవడం కాలనీల్లో మొదలైంది అందుకే.

టూవీలరు మనిషికి ఆ వెసులుబాటు కూడా లేదు. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి బైకులకు, ఆటోలకు అనుమతి లేదు. వాళ్లు పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకోవాలి, లేదా నగరం నడిబొడ్డు నుంచే వెళ్లాలి. శివారులో ఎక్కువ ఇళ్లలో ఉన్నది టూవీలరే!

నిజానికి బైకు చవక అన్నది సగం భ్రమ. ఘట్‌కేసర్ నుంచి మాదాపూర్‌కు ఒకవైపు నలభై కిలోమీటర్లు అనుకుంటే రానూపోనూ ఎనభై. లీటరుకు 45 ఇచ్చే బండికి రోజూ లీటరుముప్పావు పెట్రోలు కావాలి. లీటరు వంద రూపాయల పైమాటే కాబట్టి నెలకు నాలుగున్నర వేలు దాటుతుంది. టైర్లు, సర్వీసింగు, నడుంనొప్పి మాత్రలు... లెక్కలోకి రాలేదు. వర్షాకాలం రాత్రుల్లో గుంతల రోడ్డు మీద వస్తున్న మనిషి కోసం ఇంట్లోవాళ్లు పడే ఆందోళనకు ధర కట్టేదెవరు?

అతుకుల దగ్గరే తెగుతోంది!

బస్సు, మెట్రో, రైలు, ఔటర్... నాలుగూ తమ తమ దారుల్లో బాగానే నడుస్తున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోట తెగిపోతున్నాయి. కాలనీ లోపలి నుంచి హైవే దాకా కిలోమీటరున్నర నడక. అక్కడ షేరింగు ఆటోలో ముగ్గురు కూర్చునే చోట అయిదుగురు. ఉప్పల్‌లో మెట్లు. మెట్రో దిగాక మళ్లీ బైకు ట్యాక్సీయో, కంపెనీ షటిలో. మధ్య మధ్యలో ఎదురుచూపులు. ప్రయాణంలో కదిలే సమయం గంటే అయినా మొత్తం గంటన్నర అయ్యేది ఈ అతుకుల దగ్గరే.

గంటన్నర చొప్పున రెండు పూటలు, నెలకు పాతిక రోజులు... 75 గంటలు. ఏడాదికి 900 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 37 రోజులకు పైనే! ఎండాకాలం సెలవులంత కాలం మనిషి ఇంటికీ ఆఫీసుకూ మధ్యలోనే ఉండిపోతున్నాడు. పూటకు అరగంట ఆదా అయినా ఏడాదికి 300 గంటలు ఇంటికి తిరిగొస్తాయి. అది పిల్లల చదువు కావచ్చు, ఆవిడ నిద్ర కావచ్చు, అమ్మానాన్నలతో కూర్చుని తినే అన్నం కావచ్చు.

ఈ భారం ఇంట్లో అందరి మీదా సమానంగా పడదు. ఉన్న ఒక్క బండీ మగవాళ్ల చేతిలోకి వెళ్తుంది. ఆడవాళ్లు, విద్యార్థులు, పెద్దవాళ్లు బస్సుకో ఆటోకో మిగులుతారు. ఆడపిల్లకు ఉద్యోగం వచ్చిందంటే జీతమెంత అని అడిగేకంటే ముందు 'రాత్రి ఎన్నింటికి వదులుతారు, అక్కణ్నుంచి బండి ఉందా' అని అడిగే ఇళ్లున్నాయి. 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర స్కూటరు నిలిపి వెళ్లిన యువ వైద్యురాలికి జరిగిన దారుణం తర్వాత ఆ ప్రశ్న ఇంకా బలంగా వినిపిస్తోంది. బండి నిలిపే చోట వెలుతురు, బస్టాపులో నలుగురు మనుషులు, రాత్రి పదిన్నరకు కూడా కచ్చితంగా వచ్చే ఒక బస్సు... శివారు ఆడపిల్ల చదువును, కొలువును నిలబెట్టేవి ఇవే. మెట్రో రైల్లో మహిళలకు విడిగా చోటుంది. స్టేషను బయట మెట్లు దిగాక ఆ భద్రత ఎవరిది?

కొత్త పట్టాలా... ఉన్న బండ్లా?

శివారు జనం ఆశగా చూసేది మెట్రో విస్తరణ వైపే. 2023లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ మీదుగా బీబీనగర్ దాకా 25 కిలోమీటర్ల మెట్రో ఉంది. మరుసటి ఏడాది నవంబరులో ఆమోదించి కేంద్రానికి పంపిన రెండో దశలో అయిదు మార్గాలున్నాయి- నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం, రాయదుర్గం నుంచి కోకాపేట, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట, మియాపూర్ నుంచి పటాన్‌చెరు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్. మొత్తం 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు. అందులో ఘట్‌కేసర్ పేరు లేదు. 'మెట్రో వస్తోంది' అన్న మాట మీద ధర పెంచి అమ్మిన ప్లాట్లు మాత్రం ఉన్నాయి!

మెట్రో రావడానికి పదేళ్లు పట్టొచ్చు. ఈలోగా పిల్లలు పెద్దవాళ్లైపోతారు. కానీ ఉన్న పట్టాల మీద ఇంకో నాలుగు బండ్లు నడపడానికి పదేళ్లు అక్కర్లేదు. ముంబయిని చూడండి. బద్లాపూర్, విరార్ లాంటి దూరపు ఊళ్ల నుంచి లక్షల మంది రోజూ వచ్చిపోతున్నారంటే కారణం అక్కడి లోకల్ రైళ్లు రోజుకు మూడు వేలకు పైగా తిరగడమే. ఒకటి తప్పిపోతే నిమిషాల్లో ఇంకోటి. అక్కడా కిక్కిరిసిన బండ్లే, అక్కడా కష్టాలే. కానీ బండి వస్తుందా రాదా అన్న దిగులు లేదు.

ఎంఎంటీఎస్‌ను ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు అరగంటకొకటి నడిపితే... ఆ బండి వచ్చే వేళకు స్టేషను ముందు చిన్న బస్సు సిద్ధంగా ఉంటే... బస్సుకు, రైలుకు, మెట్రోకు ఒకటే పాసు ఉంటే... ఘట్‌కేసర్ ఒక్క మెట్రో స్తంభం లేకుండానే నగరానికి దగ్గరవుతుంది. బస్సులు ఒక సంస్థవి, రైళ్లు ఇంకొకరివి, మెట్రో మరొకరిది కావడంతో వేళలు కలిపే బాధ్యత ఎవరూ నెత్తికెత్తుకోవడం లేదు. ప్రయాణికుడికి మాత్రం అది ఒకటే ప్రయాణం.

మనిషిని ఉద్యోగం దగ్గరికి మోసుకెళ్లే బదులు ఉద్యోగాన్నే ఇటు తేవడం ఇంకో మార్గం. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ వచ్చాక ఉదయం పూట నగరం నుంచి ఘట్‌కేసర్ వైపు ఎదురు ప్రయాణం మొదలైంది. ఐటీ ఒక్క పడమటి వైపే పేరుకుపోకుండా మిగతా దిక్కులకూ విస్తరించాలని 2020లో రాష్ట్రం 'గ్రిడ్' పేరుతో విధానం తెచ్చింది. ఎదురు దిక్కుకు వెళ్లే బస్సులు, రైళ్లు సగం ఖాళీగా తిరుగుతుంటాయి. తూర్పున కొలువులు పెరిగితే అవే బండ్లు రెండు వైపులా నిండుగా నడుస్తాయి.

ఇల్లు కొనే ముందు...

ప్లాటు చూడ్డానికి అందరూ ఆదివారమే వెళ్తారు. ఖాళీ రోడ్డు, చల్లటి గాలి, బ్రోకరు కారు... దూరం తెలియదు. శివారులో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు కొత్తవాళ్లకు చెప్పేది ఇదీ:

* సోమవారం ఉదయం ఆఫీసు వేళకు ఆ ఇంటి గుమ్మం నుంచి మీ ఆఫీసు గుమ్మం దాకా ఒకసారి వెళ్లి చూడండి. కారులో కాదు, రేపు రోజూ మీరు ఎక్కబోయే బస్సులోనో రైల్లోనో. సాయంత్రం కూడా అలాగే తిరిగి రండి.

* కాలనీకి మొదటి బస్సు ఎన్నింటికి, చివరి బస్సు ఎన్నింటికి అన్నది పాలవాణ్నో, కిరాణా కొట్టతణ్నో అడగండి. వాళ్లు చెప్పేదే అసలు టైంటేబులు.

* స్టేషను ఎంత దూరమన్నది ఒక్కటే చాలదు. మీకు కావాల్సిన వేళకు ఎన్ని బండ్లున్నాయో రైల్వే యాప్‌లో చూసుకోండి.

* 'రాబోయే' మెట్రోకు, 'రాబోయే' ఫ్లైఓవర్‌కు ధరలో ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. వచ్చినవాటికే విలువ కట్టండి.

* నగరంలో అద్దెకూ శివారులో అద్దెకూ ఉన్న తేడా ఒకవైపు రాయండి. ఇంట్లో ప్రతి ఒక్కరి ప్రయాణం ఖర్చు ఇంకోవైపు రాయండి. కింద గంటలు కూడా వేయండి. చాలా ఇళ్లలో ఆ కాగితం నిర్ణయాన్నే మార్చేస్తుంది.

* ఇంట్లో బండి నడపలేనివాళ్లను లెక్కలోకి తీసుకోండి. అమ్మమ్మ ఒక్కతే ఆసుపత్రికి వెళ్లి రాగలదా, పదో తరగతి అమ్మాయి ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక క్షేమంగా రాగలదా... ఈ రెండింటికీ 'ఔను' అనుకుంటే ఆ ఇల్లు నగరంలో ఉన్నట్టే.

ఇప్పటికే ఇల్లు కట్టుకున్నవాళ్లకూ చేయగలిగింది ఉంది. కాలనీ సంక్షేమ సంఘం అంటే వినాయక చవితి చందాలకే పరిమితం కానక్కర్లేదు. ఏ వేళకు ఎంతమంది ఎటు వెళ్తున్నారో ఇంటింటా రాసి పట్టుకెళ్తే డిపో మేనేజరుకు కాదనడం కష్టం. 'బస్సు వేయండి' అని అడిగేకంటే 'ఏడున్నరకు ఉప్పల్‌కు అరవై మంది ఉన్నారు' అని చూపించడంలో బలముంది. అలాగే వేసిన బస్సును నెలరోజులు ఓపికగా ఎక్కాలి. సీట్లు ఖాళీగా కనిపిస్తే ముందు ఆగిపోయేది ఆ ట్రిప్పే. ఒకే వైపు వెళ్లేవాళ్లు కారు కలుపుకోవడం, స్టేషను దాకా వ్యాను మాట్లాడుకోవడం లాంటివి రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు.

నగరం పెరగడం ఆగదు. ఘట్‌కేసర్ తర్వాత బీబీనగర్, అది దాటితే భువనగిరి... ప్లాట్ల రాళ్లు ముందుకు నడుస్తూనే ఉన్నాయి. ఇల్లు ఎంత దూరంలో కట్టుకున్నా బతకొచ్చు, సమయానికి బండి ఉంటే. లేకపోతే నగరం నడిబొడ్డున ఉన్నా శివారే!